సెల్లు తగ్గిన తాళపు చెవి

వాక్యభాగములు: ప్రకటన 3:1–6, మత్తయి 25:1–13



ఈ నెల ధ్యానమునకై మేము మీ యెదుట పెట్టుచున్నది రూపాయి బిళ్లంతయైన ఒక సెల్లు. కారు తాళపు చెవిలో నుండు సెల్లు. మన గ్రామ సంఘములలో కార్లున్నవారు కొద్దిమందియే. అయినను ఇది కారున్నవారికి మాత్రమే చెప్పు మాట కాదని చదువుకొలది మీకే తెలియును. ఇందులో మా తప్పిదము ఒకటి కలదు. దానిని దాచక చెప్పుటయే మంచిదని తలంచితిమి.

మా సంఘపు సహోదరుడొకడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. అతడు తన పాత కారును మా ఊరిలోనే విడిచి, "అయ్యగారూ, రాత్రిపూట ఎవరికన్న ఆపదొస్తే వాడుకోండ్రి. నడిపే పిల్లలు మన సంఘంల ముగ్గురున్నరు గదా" అని చెప్పి తాళపు చెవిని మా చేతిలో పెట్టి వెళ్లెను. మా ఊరు వర్ధన్నపేట ప్రక్కన నున్నది. వరంగల్లు పెద్దాసుపత్రులకు చేరవలెనన్న ఖమ్మము రోడ్డు మీద ఇంచుమించు ముప్పది కిలోమీటర్లు పోవలెను. కావున ఆ కారు మాకు గొప్ప ఉపకారమైనది. కాపలాదారులము మేము.

ఆ తాళపు చెవికి ఇనుప పళ్లు పైకి కనబడవు. చూచుటకు నల్లని చిన్న సబ్బు బిళ్లవలె నుండును. దానిమీది బటను నొక్కినయెడల లోపలనుండి కంటికి కనబడని రేడియో తరంగము బయలుదేరి కారునకు సంగతి తెలుపును. కారు తలుపులు తెరచుకొనును. లోపల కూర్చుండి మరియొక బటను నొక్కినచో ఇంజను నడచును. ఈ పని అంతయు లోపలి చిన్న సెల్లు బలము మీదనే జరుగును.

వేసవిలో ఆ తాళపు చెవి మా చేతికి వచ్చినప్పుడు మా గుమ్మములో నిలిచి నొక్కినను, చింతచెట్టు క్రిందనున్న కారు దీపములు మినుకుమనిపించి పలికెడిది. జూను నెల నాటికి వాకిలి దాటి సగము దూరము నడువవలసి వచ్చెను. జూలైలో కారు ప్రక్కనే నిలువబడి రెండు మూడు మారులు నొక్కవలసి వచ్చెను. తాళపు చెవిమీది చిన్న ఎర్రదీపము కూడ మసకబారెను. ఒకనాడు కారులోపల తాళపు చెవి బొమ్మతో ఒక హెచ్చరిక వెలిగి ఆరిపోయెను. అప్పుడు మేము చేసినదేమి? మరికొంచెము దగ్గరకు పోయి మరికొంచెము గట్టిగా నొక్కితిమి. గట్టిగా నొక్కినంత మాత్రమున సెల్లుకు బలము రాదని మాకు తెలియకపోలేదు.

మా తాతల కాలములో ఎడ్లబండి ఇరుసుకు కందెన తగ్గినయెడల అది ఊరంతయు వినునట్లు కీచుమని అరచెడిది. 1912లో అజరయ్యగారు డోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందిన నాళ్లలో ఈ ప్రాంతపు బోధకులు ఎడ్లబండ్లమీదను కాలినడకను గ్రామములు తిరిగిరి. అరచు ఇరుసుతో ఊరిలోనికి వచ్చు బోధకుని చూచి పిల్లలు నవ్వియుందురు. అట్టి సిగ్గువలన వెంటనే కందెన వేయబడెడిది. ఈ కాలపు తాళపు చెవి అరవదు. మెల్లమెల్లగా దూరమును తగ్గించుకొనుచు, మౌనముగా క్షీణించును.

2024 ఆగస్టు నెలలో ఒక వానరాత్రి, ఒంటిగంట దాటిన తరువాత మా తలుపు తట్టబడెను. సంఘపు తల్లి ఒకామె తడిసి వణకుచు, "అయ్యగారూ, కోడలికి నొప్పులు మోపైనయి. ఉమ్మనీరు గూడ పోయింది" అనెను. అంబులెన్సుకు ఫోను చేసిరి. అది మరియొక రోగితో పోయియున్నదనియు, వచ్చుటకు ముప్పావు గంట పట్టుననియు జవాబు వచ్చెను. మేము తాళపు చెవి తీసికొని కారు వద్దకు పరుగెత్తితిమి. నొక్కితిమి. కారు పలుకలేదు. దగ్గరగా పెట్టి నొక్కితిమి, అరచేతిలో రుద్ది వేడిచేసి నొక్కితిమి, నడుపవలసిన పిల్లవాడును నొక్కెను. చాపమీద గర్భిణిని మోసికొని వచ్చినవారు వానలో నిలిచియుండిరి. ఆమె మూలుగు వినబడుచుండెను. ఒకడు అద్దము పగులగొట్టుదమనెను. మా ఇంటివారు ప్రార్థించుచుండిరి. మా నోట ప్రార్థన కూడ రాలేదు.

కారు యజమానికి ఫోను చేసితిమి. మూడవ మారు అతడు మేలుకొని, "అయ్యగారూ, చాబీ పక్కకు చిన్న మీట ఉంటది. అది జరిపి గుంజండ్రి, లోపల ఇనుప తాళం ఉంటది" అనెను. నాలుగు నెలలుగా ఆ తాళపు చెవిని మోసిన మాకు దాని కడుపులో మరియొక తాళపు చెవి కలదని తెలియదు! దానిని బయటికి తీసి, డ్రైవరు ప్రక్క తలుపుకున్న రంధ్రములో పెట్టి త్రిప్పగా తలుపు తెరచుకొనెను. వెంటనే కారు దొంగలు పడినట్లు కూతలు పెట్టెను. ఇంజను మాత్రము నడువదాయెను. మరల ఫోను. "బ్రేకు తొక్కి, ఆ చాబీనే స్టార్టు బటనుకు ఆనిచ్చి, దానితోనే నొక్కండ్రి." అట్లు చేయగా కూతలు ఆగి ఇంజను పలికెను. అంతలో ఇరువది రెండు నిమిషములు గడచిపోయెను.

మామునూరు దాటి వరంగల్లు సి.కె.యం. ప్రసూతి ఆసుపత్రికి చేరితిమి. తెల్లవారుజామున ఆడబిడ్డ పుట్టెను. తల్లియు బిడ్డయు క్షేమము. అయితే అక్కడి నర్సమ్మ, "ఇంకా లేటయితే కష్టమయ్యేది. ఇంతసేపు ఏం చేసిండ్రు?" అని అడిగెను. ఆ కుటుంబమువారు మావైపు చూడలేదు. చూచిన బాగుండెడిది. మేమును వారితో కలసి దేవునికి స్తోత్రము చెల్లించితిమి గాని ఆ స్తోత్రములో సిగ్గు కలసియుండెను.

ఆ ఉదయమే వరంగల్లు చౌరస్తాలో గడియారములు బాగుచేయు ఒక సాయిబుగారి దుకాణమునకు పోతిమి. పెద్దవారు, నెమ్మదిగా మాటలాడువారు. తాళపు చెవిని చేతిలో త్రిప్పి చూచి, ఇనుప తాళము తీసిన సందులోనే సన్నని స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా మెలిపెట్టగా అది రెండు చిప్పలుగా విడివడెను. లోపల పచ్చని పలకమీద ఆ సెల్లు కూర్చున్నది. తీయకముందే ఆయన, "పాస్టర్ సాబ్, ఇది ఎటు మొఖం పెట్టి ఉన్నదో ముందు సూడుండ్రి. ప్లస్సు గుర్తు పైకా కిందికా? తిరగేసి పెడితే కొత్తదైనా పని జెయ్యది" అని చెప్పెను.

సెల్లు పైన సి.ఆర్. 2032 అని చెక్కియున్నది. ఆ అంకెల అర్థము ఆయన చెప్పువరకు మాకు తెలియదు. మొదటి 20 దాని అడ్డుకొలత, అనగా 20 మిల్లీమీటర్లు. తరువాతి 32 దాని మందము, అనగా 3.2 మిల్లీమీటర్లు. సి అను అక్షరము లిథియము జాతి సెల్లని తెలుపును, ఆర్ అనునది గుండ్రనిదని. 2025 అను సెల్లు కూడ అంతే వెడల్పు గలది గాని మందము 2.5 మిల్లీమీటర్లే. రెండిటి బలము 3 వోల్టులే గనుక కొందరు దొరికినదానిని పెట్టుదురట. అది వదులుగా కూర్చుండి ఒకపూట పలుకును, ఒకపూట పలుకదు. ఏ కారు తాళపు చెవికి ఏది తగునో పాత సెల్లుమీదనే వ్రాసియుండును, దానినే తేవలెను. ఇవి మరల చార్జి చేయదగినవి కావు.

ఇక్కడ మేము చూచినది మీకు ముఖ్యముగా చెప్పవలెను. సాయిబుగారు మీటరు తీగలు రెండు ఆ పాత సెల్లుకు ఆనించెను. మీటరు 2.9 చూపెను. మేము ఆశ్చర్యపడి, "మూడుకు దగ్గరనే ఉన్నది గదా, మరి ఎందుకు పని చేయలేదు?" అని అడిగితిమి. ఆయన నవ్వి, ఒక చిన్న బల్బును దానికి తగిలించి మరల చూపెను. మీటరు 2.2కు పడిపోయెను. "ఊకె సూస్తే మంచిగనే సూపిస్తది. పని జెప్పినంకనే దాని సంగతి తెలుస్తది" అనెను. క్రొత్త సెల్లు పెట్టి అదే పరీక్ష చేయగా మొదట 3.2 చూపి, బల్బు తగిలించినప్పుడు కొంచెము మాత్రమే తగ్గెను. పాతబడిన సెల్లులో అడ్డగింపు పెరుగునట. పనిలేనప్పుడు బలమున్నట్లే కనబడి, బరువు పడినప్పుడు కూలిపోవును.

ఆయన గుడ్డతో క్రొత్త సెల్లు రెండు వైపులు తుడిచి, అంచులు పట్టుకొని ఉంచెను. చేతి జిడ్డు అంటరాదట. చిప్పలు మూసి నొక్కగా వీధికి అవతల నిలిపిన కారు దీపములు వెలిగెను. నలుబది రూపాయలు తీసికొనెను. ఐదు నిమిషముల పని. "చాబీ ఎన్నడో చెప్పింది సాబ్, మీరే ఇనలే" అని ఒక మాటను ఉచితముగా ఇచ్చెను.

సహోదరులారా, మేము సెమినారీలో సార్దీసు సంఘమునకు ప్రభువు పంపిన వర్తమానమును గురించి పరీక్ష వ్రాసియున్నాము. మంచి మార్కులే వచ్చినవి. ఆ ఊరి చరిత్ర కూడ నేర్చుకొంటిమి. సార్దీసు కోట నిటారైన కొండమీద నుండెను. ఎవ్వరును ఎక్కలేరని కాపలావారు నిశ్చింతగా నుండగా క్రీస్తుకు పూర్వము 6వ శతాబ్దములో కోరెషు సైనికులు ఒక సందుగుండ ఎక్కి పట్టుకొనిరి. 3వ శతాబ్దపు చివర అంతియొకు రాజు సైనికులు అట్లే చేసిరి. ఒకేరీతిని రెండు మారులు! మన ఓరుగల్లు కోట సంగతియు దీనికి దూరము కాదు. మొదటి ముట్టడి తొలగిపోయినదని కోటలోనివారు తేలికపడియుండగా ఉలుగ్ ఖాన్ మరల వచ్చెను. 1323లో కోట పడిపోయెను. మీలో పలువురు ఆ కీర్తితోరణముల క్రింద నిలిచి ఫోటోలు దిగియుందురు. రాతి తోరణములు నేటికి నిలిచియున్నవి, వాటి లోపలి రాజ్యము లేదు.

ప్రభువు సార్దీసు సంఘమును తప్పుబోధ గలదని గద్దింపలేదు. విగ్రహములను గురించియు అచ్చట ప్రస్తావన లేదు. బయటివారి దృష్టికి అది సజీవమైన సంఘమే. పేరున్నది, ఆరాధన జరుగుచున్నది, చందా వసూలగుచున్నది కాబోలు. మీటరు 2.9 చూపుచున్నది. పని చెప్పినప్పుడు మాత్రమే దాని నిజస్థితి బయటపడెడిది. అయినను ప్రభువు దానిని పారవేయలేదు, మిగిలియున్న కొంచెమును బలపరచుకొమ్మని చెప్పుచున్నాడు. మిగిలినది సున్న కాదన్నమాట. జూలై నెలలో మా తాళపు చెవివలె, దగ్గరకు పోయిన ఇంకను పలుకుచున్న స్థితి అది.

పదిమంది కన్యకల ఉపమానమును కూడ ఈ వెలుగులో చదివితిమి. సాయంకాలము చూచినవారికి ఆ పది దివిటీలలో భేదము తెలియదు. బుద్ధిలేనివారి దివిటీలును వెలుగుచునే యుండెను. అందరును కునికిరి, బుద్ధిగలవారును నిద్రించిరి. ఈ మాట మాకు ఓదార్పు. ప్రభువు నిద్రను గద్దింపలేదు, నూనె లేకపోవుటను ఎత్తి చూపెను. భేదము అర్ధరాత్రి పిలుపు వచ్చిన తరువాతనే తెలిసెను. అప్పుడు అంగడికి పోవుటకు వేళ లేదు. మా చౌరస్తా దుకాణము కూడ రాత్రి ఒంటిగంటకు మూసియే యుండును.

ఇక మా సంగతి. కారు తాళపు చెవిని గురించి మాత్రమే మేము సిగ్గుపడినయెడల ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుండి మేము లెక్క వేసికొంటిమి. క్రొత్తగా పరిచర్యలోనికి వచ్చినప్పుడు తెల్లవారక ముందే లేచి గంటసేపు వాక్యము చదువుకొనెడివారము. అది అరగంటయైనది. తరువాత ప్రసంగమునకు కావలసినంత మాత్రమైనది. గత రెండేండ్లుగా సెమినారీ నాటి నోటు పుస్తకములు తీసి, పాత ప్రసంగములను క్రొత్త సామెతలతో చెప్పుచున్నాము. వాటికి బలము చాలదని మాకు లోలోపల తెలిసి గొంతు పెంచితిమి. మైకు శబ్దము కూడ పెంచితిమి. మా సంఘములో ఎనుబది దాటిన ఒక అవ్వ కలదు. ఆమె ఈస్టరు తరువాత ఒకనాడు మాతో, "అయ్యగారూ, ఈ నడుమ బగ్గ ఒర్రుతున్నరు" అనెను. మేము నవ్వి ఊరకుంటిమి. ఆమె మీటరు పెట్టి చూచినది, మేమే వినలేదు. గట్టిగా నొక్కుట అనగా ఇదే గదా!

బోధకులకే గాదు, పెద్దలకును తల్లులకును ఇట్టి స్థితి కలుగును. ఆదివారము బల్లమీద కూర్చుండి పాటలు పాడునప్పుడు మనమందరము 2.9 చూపుదుము. పత్తి ధర పడిపోయినప్పుడు, ఎనుమాముల మార్కెటులో మిర్చి బస్తాలు దించి మూడు రోజులు కాచుకొన్నప్పుడు, అన్నదమ్ములు గట్టు కొరకు కోర్టుకు ఈడ్చినప్పుడు బల్బు తగిలించబడును. అప్పుడు మన మీటరెంత? దీనిని ఒకరిది ఒకరు చూచి చెప్పుకొనుట సులభము. పౌలు కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక కడపటి అధ్యాయములో, మిమ్మును మీరే పరీక్షించుకొనుడన్న తాత్పర్యముతోనే చెప్పెను.

ఒక సంగతి మిగిలియున్నది. సెల్లు చచ్చిన తాళపు చెవి స్టార్టు బటనుకు ఆనించగానే ఇంజను ఎట్లు నడచెను? సాయిబుగారు దీనిని కూడ వివరించెను. తాళపు చెవి లోపల ఆ సెల్లుతో పనిలేని మరియొక చిన్న చిప్పు కలదు. బటను చుట్టునున్న తీగచుట్టనుండి వచ్చు శక్తి దగ్గరగా నున్నప్పుడు దానికి సోకును. ఆ శక్తిచేతనే అది క్షణకాలము మేల్కొని తన గుర్తును కారునకు చెప్పును. కొన్ని కార్లలో దానిని పెట్టవలసిన చోటు వేరుగా నుండును, కారుతో ఇచ్చిన పుస్తకములో చూచుకొనవలెను. స్వంత బలము పూర్తిగా పోయినదియు యజమాని చేసిన చోటికి ఆనుకొన్నప్పుడు అక్కడి బలము చేత పలికినది. ఆ రాత్రి తల్లిని బిడ్డను ఆసుపత్రికి చేర్చినది మా సెల్లు కాదు. ద్రాక్షావల్లిని గూర్చిన ప్రభువు మాటలను (యోహాను 15) ఇన్నేండ్లు బోధించి, వాటిని మేము స్టీరింగు ప్రక్కన నేర్చుకొంటిమి.

ఉపమానమును మరీ లాగరాదని మా గురువులు చెప్పెడివారు. తాళపు చెవి తాళపు చెవియే, కృప కృపయే. ఆనించి నడుపవచ్చును గదా, సెల్లు మార్చుట ఎందుకని ఒక యువకుడు మమ్మును అడిగెను. ఆపదలో ఇచ్చిన దారిని అలవాటుగా చేసికొన్నవాడు వానలో నిలిచిన గర్భిణిని మరచినవాడు, అని మేము అతనికి చెప్పితిమి. కొంచెము కఠినముగా చెప్పితిమేమో.

తల్లులకు ఒక హెచ్చరిక. ఆ పాత సెల్లును మేము జేబులో వేసికొని ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టితిమి. ప్రక్కింటి రెండేండ్ల పాప దానిని తీసి నోటి దగ్గరకు తెచ్చినది. మా ఇంటివారు చూచి లాగివేసిరి గనుక సరిపోయినది. ఒక దినములో రెండవ మారు మా అజాగ్రత్త! ఇట్టి బిళ్ల సెల్లు మ్రింగబడి అన్ననాళములో చిక్కుకొనినయెడల తడిచేత కరెంటు పారి అక్కడి కండను కాల్చివేయును. రెండు గంటలలోపలనే ఘోరమైన గాయమగును. పని చేయని సెల్లులో కూడ అంతమాత్రపు బలము మిగిలియుండును. బిడ్డ మ్రింగినదని అనుమానము కలిగినను కక్కించుటకు ప్రయత్నింపక, ఏడ్చుటలేదు గదా అని ఊరకుండక, వెంటనే ఎక్స్‌రే గల పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. పాత సెల్లుకు రెండు ప్రక్కల టేపు అంటించి, పిల్లలకు అందని డబ్బాలో వేసి, తీసికొను దుకాణములో ఇచ్చివేయవలెను. 2022లో కేంద్ర ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారమును వీటిని ఇంటి చెత్తలో కలుపరాదు. బొమ్మలలోను, గోడ గడియారపు రిమోటులలోను, క్రిస్మసు నక్షత్రపు చిన్న దీపములలోను ఇవే యుండును.

ఇప్పుడు ఆ తాళపు చెవి మా గది మేకుకు వ్రేలాడుచున్నది. సెల్లు మార్చిన తేదీని చిన్న కాగితముమీద వ్రాసి దానికి అంటించితిమి. మరియొక క్రొత్త సెల్లు, ముద్ర విప్పనిది, అలమారా పై అరలో కలదు. కారు నడుపు ముగ్గురు పిల్లలను చింతచెట్టు క్రిందికి పిలిచి, ఇనుప తాళము తీయుటయు బటనుకు ఆనించి నడుపుటయు ఒక్కొక్కరిచేత చేయించితిమి. నెలకొక మొదటి శనివారమున గుమ్మములో నిలిచి నొక్కి చూచుచున్నాము. పాత నోటు పుస్తకములను కట్టగట్టి అటకమీద పెట్టితిమి. తెల్లవారుజామున ఇప్పటికి అరగంట కుదిరినది.

ఆ బిడ్డను నెల దాటిన తరువాత ఆరాధనకు తెచ్చిరి. ప్రార్థనకొరకు ఆమెను మా చేతులలోనికి ఇచ్చునప్పుడు నాయనమ్మ మా చెవిలో, "అయ్యగారూ, చాబీ మంచిగున్నదా?" అని అడిగెను. ఉన్నదని చెప్పితిమి.